దొరగారి పథ్యం

ఆ ఇంట్లో అత్తగారికీ అల్లుడికీ మాటల్లేక మూడేళ్ళు దాటింది. అలాగని కొట్లాటల్లేవు, అరుపుల్లేవు, గిన్నెలు విసురుకోవడాలు అసలే లేవు. ఒకే బల్ల దగ్గర భోంచేసేవారు, ఒకే టీవీ చూసేవారు, నవ్వొచ్చే చోట ఇద్దరూ కలిసే నవ్వేవారు. మాట ఒక్కటే ఉండేది కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో కూచున్న మనిషి ద్వారా చెప్పుకునేవారు. ఆ మధ్య మనిషి ఒకరికి కూతురు, ఇంకొకరికి భార్య. పెద్దాసుపత్రిలో నర్సు. పగలంతా రోగుల మధ్య నలిగి, సాయంత్రం ఇంటికొచ్చి అడకత్తెరలో పోకచెక్కలా వీళ్ళిద్దరి మధ్య కూచునేది.

"మీ ఆయన్ని కూర ఇంకాస్త వేసుకోమను," అనేది అత్తగారు, చెయ్యి చాపితే అల్లుడికి తగిలేంత దూరంలో కూచుని.

"మీ అమ్మగారికి చాలని చెప్పు," అనేవాడు అల్లుడు.

మొదట్లో నర్సు అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి ఆ మాటలే మళ్ళీ చెప్పేది. రానురాను విసుగొచ్చి, "విన్నారుగా," అని ఊరుకునేది.

ఈ పంతానికి మూలం ఒక కళ్ళజోడు. అల్లుడిది కళ్ళజోళ్ళ షాపు. ఇంటికి రెండు వీధుల అవతల, మలుపులో, మూడు మెట్లెక్కితే చాలు. అత్తగారు వీళ్ళింటికి వచ్చిన కొత్తలో అతను ముచ్చటపడి, తన చేత్తో ఆవిడకి ఒక జోడు చేసిచ్చాడు. ఆవిడ పెట్టుకుని, గోడకేసీ కిటికీకేసీ చూసి, "అన్నీ నీళ్ళలో మునిగినట్టున్నాయి నాయనా," అంది. రెండు రోజులు పెట్టుకుంటే సరిపోతుందన్నాడు. వారం గడిచింది, నెల గడిచింది, ఆవిడ అదే మాట. చివరికి అతనికి చిర్రెత్తుకొచ్చి, "అద్దాల్లో ఏ తప్పూ లేదు అత్తయ్యా. ఉంటే మీ చూపులో ఉండాలి," అన్నాడు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు, ఎవరో వేలెత్తి చూపిస్తే ఊరుకుంటాడా.

ఆవిడ ఇంకో షాపుకి వెళ్ళి ఇంకో జోడు చేయించుకోవచ్చు. చేయించుకోలేదు. అవే పెట్టుకుని తిరిగింది. గుమ్మం తగిలితే "అల్లుడిగారి అద్దాల మహిమ" అనేది, టీలో ఉప్పు పడితే "అల్లుడిగారి అద్దాల మహిమ" అనేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. ఆ లెక్కన ఆ ఇంట్లో రెండు కుందేళ్ళు, ఆరు కాళ్ళు.

ఇలా ఉండగా నర్సుతో పనిచేసే ఇంకో నర్సుకి వేరే ఊరికి బదిలీ అయింది. పోతూ పోతూ తన చేపని ఈవిడ చేతిలో పెట్టి పోయింది. బెట్టా చేప. బొటనవేలంత ఒళ్ళు, ఒంటికి రెండింతలు తోక. నీలం రంగు దేహం, ఎర్రటి రెక్కలు, నీళ్ళలో జీరాడుతూ నడిచే ఠీవి. ఎవరు దగ్గరికొచ్చినా మొప్పలు విప్పి, రెక్కలు పరిచి, "ఎవడ్రా నువ్వు" అన్నట్టు నిలబడేది. పేరే బెట్టా, బెట్టు లేకపోతే ఎలా. నర్సు దానికి దొరగారని పేరు పెట్టింది. బిస్కెట్లు పోసుకునే గాజు సీసా ఒకటి ఖాళీగా ఉంటే అందులో నీళ్ళు పోసి, దొరగారిని దింపి, భోజనాల బల్ల మీద పెట్టింది.

దొరగారు వచ్చిన నెలకి నర్సుకి శిక్షణ పడింది. పన్నెండు రోజులు, వేరే ఊళ్ళో. బయల్దేరే ముందు ఆవిడ తన వృత్తికి తగ్గట్టే ఒక చీటీ రాసి సీసా పక్కన అంటించింది. ఉదయం 3 మేత గింజలు, సాయంత్రం 3 గింజలు. రోజు విడిచి రోజు కాసిన్ని నీళ్ళు మార్చాలి. ఎండలో పెట్టకూడదు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ రోగి దగ్గర ఒకరికి చెబితే మరిచిపోతారని ఇద్దరికి చెప్పడం ఆవిడ అలవాటు. వంటింట్లో తల్లిని పట్టుకుని, "అమ్మా, దొరగారి భారం నీదే, ఆయనకేం పట్టదు," అంది. వీధి గుమ్మంలో మొగుణ్ణి పట్టుకుని, "దొరగారి భారం మీదే, అమ్మకి కనపడి చావదు," అంది. బస్సెక్కింది.

మొదటి రోజు పొద్దున ఇంట్లో పెద్ద చిక్కొచ్చి పడింది. మధ్య కుర్చీ ఖాళీ. అత్తగారు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి నిలబడింది. అల్లుడు వార్తాపత్రికలో తల పెట్టి ఉన్నాడు. కాఫీ చల్లారుతోంది. ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది, చివరికి సీసా వైపు వంగింది.

"దొరగారూ, కాఫీ పెట్టి చాలాసేపయిందని చెప్పండి."

అల్లుడు పత్రిక దించాడు. సీసాకేసి చూశాడు. లోపల దొరగారు మొప్పలు విప్పి గంభీరంగా ఉన్నారు.

"దొరగారూ, పంచదార తక్కువైందని చెప్పండి," అన్నాడు, ఒక గుక్క తాగి.

"దొరగారూ, డాక్టరు తగ్గించమన్నాడని గుర్తుచెయ్యండి."

అలా ఇల్లు గాడిలో పడింది. నిజానికి నర్సు కంటే దొరగారే నయమనిపించింది ఇద్దరికీ. విసుక్కోరు, నిట్టూర్చరు, "విన్నారుగా" అనరు. గ్యాసు అయిపోవచ్చిందన్న కబురూ, కుళాయి కారుతోందన్న కబురూ, స్నానాల గదిలో తువ్వాలు ఎవరు తడిపారన్న విచారణా అన్నీ ఆ సీసా మీదుగానే నడిచాయి.

తిండి విషయం మాత్రం ఎవరూ దొరగారి ద్వారా అడగలేదు. అల్లుడు పొద్దున్నే, అత్తగారు పెరట్లో ఉన్నప్పుడు, లెక్కగా మూడు గింజలు వేసి షాపుకి పోయేవాడు. అతని బండి చప్పుడు వీధి చివర వినిపించకుండా పోయాక ఆవిడ వచ్చి, చీటీ మీదకి వంగి, తన అద్దాల్లోంచి చదివి, ఎనిమిది గింజలు వేసేది. సాయంత్రం అయిదింటికి మళ్ళీ ఎనిమిది. ఏడింటికి అల్లుడొచ్చి చేతులు కడుక్కుని మళ్ళీ మూడు. ఇద్దరూ ఎవరికి వారు, నేను కాబట్టి సరిపోయింది, లేకపోతే పాపం ఈ ప్రాణి ఆకలితో పోయేది, అనుకునేవారు. దొరగారు పెట్టింది పెట్టినట్టు తిన్నారు. వద్దనడం దొరల ఇంటా వంటా లేదు.

అయిదో రోజు పొద్దున అల్లుడు గింజల డబ్బా మూత తీస్తూ సీసాలోకి చూసి ఆగిపోయాడు. దొరగారు పక్కకి ఒరిగి ఉన్నారు. పొట్ట బఠాణీ గింజ మింగినట్టు ఉబ్బిపోయింది. రెక్కలు ముడుచుకుపోయాయి. అతను సీసా మీద వేలితో తట్టాడు. మామూలుగా అయితే యుద్ధానికి వచ్చేవారు. ఇప్పుడు ఒక కన్ను మాత్రం తిప్పి చూసి, మళ్ళీ తమ బాధలో తాము పడిపోయారు.

అతనికి భార్య మొహం కళ్ళ ముందు కదిలింది. మూడేళ్ళ పంతం, పదిహేనేళ్ళ అనుభవం, అన్నీ ఒక్కసారి గొంతులోంచి జారిపోయాయి.

"అత్తయ్యా," అన్నాడు. "ఒకసారిటు రండి."

పెరట్లో బట్టలారేస్తున్న అత్తగారు ఆ పిలుపు విని చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పిలిచింది తననేనా అని వెనక్కి తిరిగి కూడా చూసింది. తర్వాత దుప్పటి భుజాన వేసుకునే లోపలికొచ్చింది.

"ఏమైంది నాయనా?"

"దొరగారికి ఒంట్లో బాగాలేదు."

ఆవిడ సీసా మీదకి వంగి ముక్కు అద్దానికి ఆనించింది. "నీళ్ళు పోసుకుందేమో," అంది.

"మగ చేప అత్తయ్యా."

"అయితే అజీర్తి," అంది ఆవిడ, క్షణం ఆలస్యం చెయ్యకుండా.

పశువుల ఆసుపత్రికి బస్సులో వెళ్ళారు. బండి మీద అయితే సీసా తొణుకుతుందని భయం. అల్లుడు సీసాని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. కిటికీలోంచి ఎండ పడుతోందని అత్తగారు బస్సులోనే గొడుగు విప్పింది. మూత బిగించి పెట్టాలా, తీసి పెట్టాలా అన్న దాని మీద నాలుగు స్టాపులు వాదించుకున్నారు. మూడేళ్ళ బకాయి కదా, మాట మొదలయ్యాక ఆగడం కష్టమైంది. ఎదురు సీట్లో కూచున్న పెద్దాయన సీసాకేసి చాలాసేపు చూసి, "కూరకి చాలదు కదమ్మా," అన్నాడు. అత్తగారు గొడుగు ఇంకాస్త కిందికి దించి ఆయనకీ దొరగారికీ మధ్య తెర కట్టేసింది.

ఆసుపత్రి వరండాలో ఒక గుర్రమంత కుక్క, బుట్టలో ఒక పిల్లి, కాలికి కట్టు కట్టిన ఒక మేక, వాటి మధ్య ఒళ్ళో సీసాతో వీళ్ళిద్దరూ. కుక్క వచ్చి సీసాని వాసన చూసింది. దొరగారు అంత నీరసంలోనూ ఒక మొప్ప విప్పారు. కుక్క వెనక్కి తగ్గి యజమాని కాళ్ళ మధ్య కూచుంది.

"చూశావా, రోషం చావలేదు," అంది అత్తగారు గర్వంగా. "బతుకుతాడు."

పశువుల డాక్టరు చిన్న వయసు మనిషి. నవ్వకుండా సీసాని వెలుతురులో పెట్టి అన్ని వైపుల నుంచీ చూసింది.

"తిండి ఎవరు పెడుతున్నారు?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పూటకి ఎన్ని?"

"మూడు," అన్నాడు అల్లుడు.

"ఎనిమిది," అంది అత్తగారు. "మా అమ్మాయి రాసి మరీ పెట్టింది, కావాలంటే చూడండి."

ఆవిడ సంచీలోంచి చీటీ తీసింది. బయల్దేరేటప్పుడు రోగి కాగితాలు వెంట ఉండాలని గుర్తుపెట్టుకుని ఊడబీకి తెచ్చింది. డాక్టరు చీటీ చూసి, "ఇది మూడండీ," అంది.

"ఎనిమిది," అంది అత్తగారు.

డాక్టరు చీటీని వరండాలోకి పట్టుకెళ్ళి కుక్క యజమానికి చూపించింది. మూడన్నాడు. మేక యజమానికి చూపించింది. ఆయనా మూడే అన్నాడు. అత్తగారు చీటీ వెనక్కి తీసుకుని, "దాని చేతిరాత చిన్నప్పటి నుంచీ అంతే," అని మడిచి లోపల పెట్టేసుకుంది.

డాక్టరు మనసులో లెక్క వేసినట్టుంది. "మూడూ ఎనిమిదీ పదకొండు. రెండు పూటలా ఇరవై రెండు. దీని పొట్ట దీని కన్నంత ఉంటుందండీ. ఇది మనిషి అయితే నాకు కాదు, కాటికాపరికి చూపించాల్సి వచ్చేది."

ఇద్దరూ నేలకేసి చూశారు. మొదటిసారి వాళ్ళిద్దరికీ ఒకే తప్పులో చెరి సగం వాటా దొరికింది.

"మూడు రోజులు పథ్యం. ఒక్క గింజ కూడా వెయ్యకూడదు," అంది డాక్టరు. "ఈ సీసా దానికి ఇల్లు కాదు, స్నానాల గది. ఇరవై లీటర్ల తొట్టె కావాలి. గాలి ఆడే మూత ఉండాలి, ఇవి ఎగిరి దూకుతాయి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, అందుకు చిన్న హీటరు దొరుకుతుంది. కుళాయి నీళ్ళు నేరుగా పొయ్యకండి, క్లోరిన్‌కి విరుగుడు చుక్కలు వేసి పొయ్యండి. పగలంతా ఎవరైనా ఒక కంట కనిపెట్టి ఉండండి. రెట్ట వేసిందంటే గండం గడిచినట్టు."

తొట్టె కొన్నాక ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. అల్లుడు షాపు మూసుకుని ఇంట్లో కూచోలేడు. అత్తగారి చేతిలో దొరగారిని వదిలి వెళ్ళడానికి అతనికి ధైర్యం చాలదు, జాలిపడి ఒక గింజ వేస్తుందేమోనని. అతని మీద ఆవిడకీ అదే అనుమానం. చివరికి తొట్టె షాపులో పెట్టాలనీ, ఇద్దరూ అక్కడే ఉండాలనీ తేల్చుకున్నారు. షాపు తాళం అల్లుడి దగ్గర, గింజల డబ్బా అత్తగారి రొంటిన. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. రెండు రాజ్యాల మధ్య కూడా ఇంత పకడ్బందీ ఒప్పందం ఉండి ఉండదు.

షాపులో కొత్త తంటా మొదలైంది. కళ్ళజోళ్ళ షాపంటే నాలుగు వైపులా అద్దాలే. దొరగారు కళ్ళు తెరిచి చూసేసరికి ఎదురుగా ఒక నీలం చేప, ఎడంపక్క ఇంకోటి, కుడిపక్క మరోటి, దూరంగా గోడ మీద మూడు. తమ మీదకి దండెత్తి వచ్చిన సైన్యం అనుకున్నారు పాపం. ఉబ్బిన పొట్టతోనే మొప్పలు విప్పి ఆరుగురితోనూ ఒక్కసారే యుద్ధానికి దిగారు. అల్లుడు డాక్టరుకి ఫోన్ చేస్తే, రోగంలో అంత ఆవేశం మంచిది కాదంది.

అత్తగారు ఇంటికెళ్ళి దుప్పట్లూ తువ్వాళ్ళూ పాత పరదాలూ తెచ్చి అద్దాలన్నిటికీ కప్పేసింది. దొరగారు శాంతించారు. కానీ షాపుకొచ్చిన వాళ్ళకి ఫ్రేము పెట్టుకుంటే ఎలా ఉందో చూసుకునే దారి లేదు.

మొదట వచ్చింది ఒక లెక్కల టీచరు. ఫ్రేము పెట్టుకుని, అద్దం కోసం వెతికి, దుప్పటి కనబడి తికమకపడింది. "అద్దం ఏదండీ?"

"లోపల రోగి ఉన్నాడమ్మా," అంది మూల స్టూలు మీంచి అత్తగారు. "ఇటు తిరుగు, నేను చెబుతా. ఊహూఁ, తీసెయ్. అది పెట్టుకుంటే మనిషి లేదు, ఫ్రేమొక్కటే ఉంది."

అల్లుడు గుండె పట్టుకున్నాడు. కానీ టీచరు కోప్పడలేదు. "మా ఇంట్లో అందరూ బాగుందనే అంటారండీ," అంది, ఇంకోటి తీసి పెట్టుకుంటూ.

"ఇది కాస్త నయం. పిల్లలు భయపడతారు కానీ పారిపోరు."

టీచరుకి అది ఎంత నచ్చిందంటే అదే తీసుకుంది. మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. అందంగా ఉందా అని అడిగాడు. "నీకు అందం తర్వాత నాయనా, ముందు నేనెన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పు," అంది. ఇంకొకాయన బంగారు రంగు ఫ్రేము పెట్టుకుంటే, పరీక్ష తప్పిన గుడ్లగూబలా ఉన్నావంది. రెండో రోజుకి షాపు ముందు మెట్ల మీద జనం కూచుని ఎదురుచూశారు. అద్దం ఎప్పుడూ మొహమాటపడుతుంది, ఈవిడ పడదు అని వీధంతా చెప్పుకున్నారు. కళ్ళు బాగున్న వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి కూచున్నారు.

మూడో రోజు పొద్దున ఒక వడ్రంగి వచ్చాడు. నున్నటి బట్టతల, కొవ్వొత్తి వెలిగిస్తే గది నిండా వెలుగొచ్చేలా ఉంది. నల్ల ఫ్రేము పెట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఫ్రేము బాగానే ఉంది," అంది అత్తగారు, తల అటూ ఇటూ వంచి చూసి. "ఆ జుట్టు మరీ గుబురుగా ఉంది. కాస్త కత్తిరించుకుంటే ఇంకా నప్పుతుంది."

వడ్రంగి తల తడుముకున్నాడు. ఏమైనా మొలిచిందేమోనన్న ఆశ అతని మొహంలో ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. అతని వెనక అరలో నల్లటి తోలు పెట్టెల దొంతర ఉంది. ఆవిడకి రెండూ కలిసిపోయి కనిపించాయి.

అల్లుడు నవ్వబోయాడు. కానీ నవ్వు రాలేదు. వడ్రంగిని పంపించాక, "అత్తయ్యా, మీ జోడు ఒకసారి ఇలా ఇవ్వండి," అన్నాడు.

"ఎందుకు? చూపులో తప్పుకి జోడేం చేస్తుంది?"

"ఇవ్వండి."

ఆవిడ తీసి ఇచ్చింది. అతను వాటిని అద్దాల పవరు కొలిచే యంత్రం కింద పెట్టాడు. కుడిది చూశాడు, ఎడమది చూశాడు. పాత రిజిస్టరు దుమ్ము దులిపి తీశాడు. రిజిస్టరు చూశాడు, యంత్రం చూశాడు. మళ్ళీ రిజిస్టరు చూశాడు. చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. ఏం చెప్పాలో తెలియక కాసేపు నీళ్ళు నమిలాడు. తొట్టెలో దొరగారు కూడా అదే పనిలో ఉన్నారు.

ఈసారి కబురు దొరగారి ద్వారా పంపడం న్యాయం కాదనిపించింది. స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూచున్నాడు.

"కుడి కంటికి పెట్టాల్సిన అద్దం ఎడమకి పెట్టాను అత్తయ్యా. ఎడమది కుడికి. తప్పు నాదే."

అత్తగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"మూడేళ్ళు," అంది చివరికి.

"మూడేళ్ళు," అన్నాడు.

"అయితే నా చూపు?"

"మీ చూపుకేం అత్తయ్యా. అన్నీ నీళ్ళలో మునిగినట్టున్నాయని మొదటి రోజే సరిగ్గా చూసి చెప్పారు. నాకే వినపడలేదు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తోందేమోనని అతను కంగారుపడ్డాడు. చూస్తే నవ్వుతోంది, ఆపుకోలేక భుజాలు కదిలిపోతున్నాయి. "పాపం ఆ వడ్రంగి," అంది.

ఆ మధ్యాహ్నమే అతను కొత్త జోడు బిగించి, తన చేతులతో ఆవిడ చెవుల మీద సర్దాడు. ఆవిడ ముందు గోడకేసి చూసింది, తర్వాత అల్లుడికేసి చూసింది. "నీకు మీసం నెరిసిందే," అంది. "ఎప్పుడు నెరిసింది?" ఆ తర్వాత తొట్టె దగ్గరికి వెళ్ళి, నడుం వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. "ఇన్నాళ్ళూ దొరగారంటే ఊదారంగు ముద్ద అనుకున్నాను. కన్నూ నోరూ ఉన్నాయే. అబ్బ, ఏం రెక్కలయ్యా అవి." అలా చూస్తూ చూస్తూ ఉలిక్కిపడి, "అల్లుడూ, ఇటు రా. త్వరగా రా," అంది.

దొరగారి కింద, తొట్టె అడుగున, ఆవగింజంత నల్లటి చుక్క ఒకటి పడి ఉంది. చూస్తుండగానే ఇంకోటి పడింది. తమ ఘనకార్యాన్ని పట్టించుకోకుండా దొరగారు తేలిగ్గా, నిటారుగా, ఒక చుట్టు చుట్టి వచ్చారు.

అల్లుడు భార్యకి అప్పటిదాకా ఏమీ చెప్పలేదు. ఇప్పుడు ఆనందం పట్టలేక ఫోన్ చేశాడు. శిక్షణ తరగతిలో కూచున్న నర్సు ఫోన్ ఎత్తి గుసగుసగా, "ఏమిటండీ?" అంది.

"వెళ్ళింది," అన్నాడు అల్లుడు. "మూడు రోజుల నుంచీ చూస్తున్నాం. ఇప్పుడే, నా కళ్ళ ముందే, ప్రశాంతంగా వెళ్ళింది."

అవతల కుర్చీ కింద పడిన చప్పుడు వినిపించింది. "అమ్మేనా?"

"అమ్మ కాదు. అమ్మ పక్కనే ఉంది, మాట్లాడుతుంది," అని ఫోన్ అత్తగారికిచ్చాడు.

"రెండుసార్లు వెళ్ళిందే తల్లీ," అంది అత్తగారు. "నేనే ముందు చూశాను."

సంగతి మొదటి నుంచీ చెప్పి నర్సుని తేరుకునేలా చెయ్యడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో, అమ్మా ఆయనా ఒకరి తర్వాత ఒకరు అదే ఫోనులో మాట్లాడుతున్నారనీ, మధ్యలో ఒకరి మాటని ఒకరు సరిదిద్దుకుంటున్నారనీ ఆవిడ గమనించినట్టు లేదు.

మర్నాడు ఇంకో గాభరా. షాపు తాళం తీసేసరికి తొట్టెలో నీళ్ళ మీద ఒక మూలంతా నురగ. దొరగారు దాని కిందే పచార్లు చేస్తున్నారు. నోట్లోంచి నురగలు కక్కుతున్నాడని అత్తగారు గుండెలు బాదుకోబోయింది. అల్లుడు డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆవిడ ఈసారి నవ్వు దాచుకోలేకపోయింది.

"అది గూడండీ. మగ చేపకి ఒళ్ళు బాగుండి, నీళ్ళు నచ్చితే బుడగలతో గూడు కడుతుంది. పిల్లల్ని పెంచడానికి. ఇల్లు కట్టుకున్నాడంటే మీ సేవ ఫలించినట్టే."

అల్లుడు ఆ మాట అత్తగారికి చెప్పాడు. ఆవిడ నురగకేసి మెచ్చుకోలుగా చూసింది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఈయన ఒక్క రాత్రిలో, ఎవరి సాయం లేకుండా, ఇల్లు కట్టేశాడు," అని కొత్త అద్దాల పైనుంచి అల్లుణ్ణి చూసింది. "కొందరున్నారు, పదేళ్ళ నుంచీ అద్దె ఇంట్లోనే."

"విన్నాను అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"వినాలనే అన్నాను."

పన్నెండో రోజు నర్సు బస్సు దిగి, ఇంటికి తాళం ఉంటే, సంచీ మోసుకుంటూ నేరుగా షాపుకొచ్చింది. మెట్ల మీద ఆరుగురు కూచుని ఉన్నారు. లోపలికి వెళ్ళబోతుంటే ఒకాయన, "వరసలో రండమ్మా," అన్నాడు. తలుపు దగ్గర నిలబడి తొంగి చూసింది. అద్దాల మీద తన పెళ్ళినాటి దుప్పటి, వంటింటి పరదా వేలాడుతున్నాయి. మధ్యలో తల్లి ఎత్తయిన స్టూలు మీద కూచుని ఒక ఆసామి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూస్తోంది. మొగుడు పక్కన ఫ్రేముల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

"గుండ్రటిది వద్దు," అంటోంది తల్లి. "మొహమే గుండ్రం."

"గుండ్రటి మొహానికి పలకది పెడితే కిటికీలా ఉంటుంది అత్తయ్యా."

"ఉంటే ఉండనీ, గాలాడుతుంది. నీకు ఫ్రేములు అమ్మడం తెలుసు, మొహాలు తెలీవు."

"పదిహేనేళ్ళ నుంచీ చూస్తున్నాను."

"చూశావు లే, నా అద్దాలు చూసినట్టే."

ఆసామి ఇద్దరి మధ్య మెడ తిప్పలేక తిప్పుతున్నాడు. అతని మీద నర్సుకి ఎక్కడలేని జాలి కలిగింది. మూడేళ్ళుగా ఈ రోజు కోసం మొక్కుకోని దేవుడు లేడు. తీరా వచ్చాక, మాటల జోరు చూస్తే రాత్రి భోజనాల బల్ల దగ్గర తనకి సందు దొరికేలా లేదు. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పి తనకేసి చూడలేదు.

సరే, పలకరించేవాళ్ళు ఇంకొకరున్నారు కదా అని సంచీ కింద పెట్టి తొట్టె దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు నిర్మలంగా ఉన్నాయి, నురగ మేడ కింద దొరగారు మునుపటి కంటే నిగనిగలాడుతున్నారు. వంగి, "దొరగారూ, నేనండీ," అంది ముద్దుగా.

దొరగారు చరాలున తిరిగారు. మొప్పలు విప్పారు, రెక్కలు పరిచారు, గూటికి అడ్డంగా నిలబడి, అద్దాన్ని ముక్కుతో ఒక్క పోటు పొడిచారు. నర్సు రెండడుగులు వెనక్కి వేసింది.

"కొత్తవాళ్ళని అంత దగ్గరికి రానివ్వడమ్మా," అంది అత్తగారు, ఆసామి మొహం మీంచి చూపు తిప్పకుండానే. "కాస్త ఇవతలికొచ్చి నిలబడు."